కారు బేరము

శ్రావణమాసము ప్రవేశించినదని తెలిసికొనుటకు పంచాంగము చూడనక్కరలేదు. విజయవాడలోగాని, హైదరాబాదులోగాని, రాజమహేంద్రవరములోగాని కార్ల షోరూముల యెదుట పగిలిన టెంకాయలను, చక్రములక్రింద నలిగిన నిమ్మకాయలను చూచిన చాలును. బంధువులందఱు వత్తురు. షోరూమువారు మూరెడు పొడవుగల అట్ట తాళపుచెవి నొకదానిని గృహిణి చేతికిచ్చి ఫొటో తీయుదురు. పిల్లలకు మిఠాయి పంచుదురు. ఈ పండుగను మేము కాదనము. కాని యీ పండుగకు పది దినములముందు ఇంటి యజమాని యొక కాగితముపై సంతకము చేసియుండును. ఆ కాగితములోని పద్దులలో నెన్నింటిని ఆయన చదివెను? చదివినవానిలో నెన్నింటికి కారణ మడిగెను? ఎనిమిది లక్షల కారు కొనబోయి పది లక్షలకు సంతకము చేసి వచ్చినవారు మనలో ననేకులు కలరు. నడుమనున్న రెండు లక్షలలో ప్రభుత్వమున కెంత పోయినది, బీమా కంపెనీ కెంత పోయినది, దుకాణదారుని కెంత మిగిలినది యని యడిగినచో చెప్పగలవారు మిక్కిలి తక్కువ.

బేరమాడుట మనవారికి తెలియని విద్య కాదు. పశువుల సంతలో ఎద్దుల జతను కొనువాడు పండ్లు లెక్కించును, గిట్టలెత్తి చూచును, నాలుగడుగులు నడిపించును, తువాలుమాటున వ్రేళ్లు పట్టి బేరము సాగించును, కుదరనిచో దులుపుకొని లేచిపోవును. గుంటూరు మిరపయార్డులో తన సరకునకు తరుగుపేరిట కోతపెట్టినచో ఊరకుండడు. ఆ రైతునే చల్లని గదిలో మెత్తని కుర్చీపై కూర్చుండబెట్టి కాఫీ యిచ్చి, 'హ్యాండ్లింగు చార్జీ' యని పదివేలు పద్దు వ్రాసినచో మారు పలుకడు. అడుగుట చిన్నతనమని సంకోచము. కుమారుడు ప్రక్కనుండి "అందఱు ఇంతే యిచ్చుచున్నారు నాన్నా" యనును. పట్టణవాసుల తీరును ఇట్లే యున్నది. కూరగాయల బండివద్ద రెండు రూపాయలకు వాదించువారు ఇచ్చట ఇరువదివేలకు నోరు మెదపరు.

ఈ సంకోచమునకు మూలము మర్యాద యొక్కటే కాదు. వస్తువు ధర యేదో తెలియకుండుట అసలు మూలము. నలుబది రూపాయల సబ్బుబిళ్లపై గరిష్ఠ చిల్లర ధర ముద్రించి తీరవలెనని 2011 నాటి తూనికలు కొలతల నియమములు శాసించుచున్నవి. కారు పొట్లము కట్టిన వస్తువు కాదు గనుక దానికి ఆ శాసనము వర్తింపదు. కావున కారునకు ధరలు పలు రూపములు. కంపెనీ ప్రకటించునది ఎక్స్ షోరూము ధర. ఇందులో వస్తు సేవల పన్ను చేరియుండును. ఇంటికి తెచ్చుకొనునాటికి చెల్లించునది ఆన్ రోడ్ ధర. పత్రికలలో పెద్ద అక్షరములతో కనబడునది మొదటిది. చెక్కుపై వ్రాయవలసినది రెండవది. బేరమంతయు ఈ రెంటి నడుమ జరుగును.

మొదటి ధరలోనే యొక మార్పు ఇటీవల వచ్చినది. 2025 సెప్టెంబరు 22 నుండి చిన్న కార్లపై పన్ను తగ్గింపబడెను. నాలుగు మీటర్లకు మించని పొడవును, 1200 సి.సి.కి మించని పెట్రోలు యంత్రమును, లేదా 1500 సి.సి.కి మించని డీజిలు యంత్రమును గల కార్లకు నూటికి 28 వంతుల పన్నుపై అదనపు సెస్సుకూడ ఉండెడిది. ఇపుడది 18 వంతులైనది. పెద్ద కార్లకు సెస్సు తొలగి 40 వంతులైనది. విద్యుత్తుతో నడచువానికి 5 వంతులే. పన్నునకు ముందు ఆరు లక్షల వెలగల చిన్న పెట్రోలు కారు వెనుక 28 వంతుల పన్ను, ఒక వంతు సెస్సు కలిసి 7,74,000 రూపాయలయ్యెడిది. ఇప్పుడు 7,08,000 రూపాయలగును. ఈ 66,000 తగ్గుదల చట్టము కలిగించినది. దానిని తన దయగా చూపి, "ఇంత తగ్గించితిమి, ఇంకేమి యడుగుదురు?" అను విక్రేతకు చట్టము వేరు, రాయితీ వేరని నెమ్మదిగా చెప్పవలెను.

ఇక రెండవ ధరను చూతము. పద్దులపట్టీలో కొన్ని ప్రభుత్వపు సొమ్ములు. జీవితకాలపు పన్ను రాష్ట్రమును బట్టియు, కారు ధరను బట్టియు ఉండును. దానిపై బేరము లేదు. కేంద్ర నియమములప్రకారము సొంత కారు రిజిస్ట్రేషను రుసుము 600 రూపాయలు. అప్పు తీసికొన్నచో తాకట్టు నమోదునకు 1,500 రూపాయలు. రాష్ట్రపు సేవారుసుములు వేరు. ఇవి గుర్తున్నచో, పట్టీలో 'రిజిస్ట్రేషను ఖర్చులు' అని గుండుగుత్తగా వ్రాసిన అంకెను చూచి, దీనికి రశీదు లేవి యని అడుగుటకు ధైర్యము కలుగును. ప్రభుత్వమున కిచ్చిన ప్రతి పైసకు ప్రభుత్వపు రశీదు ఉండి తీరును. పదిలక్షలకు మించిన కారుపై నూటికొకటి చొప్పున 2016 జూన్ నుండి వసూలుచేయు ఆదాయపు పన్ను మరియొక పద్దు. ఇది పోయిన సొమ్ము కాదు. కొనువాని పాన్ సంఖ్యపై జమయై, అతడు పన్ను లెక్క దాఖలుచేయునపుడు సర్దుబాటగును. పన్నెండు లక్షల కారునకు ఇది పన్నెండువేలు. లెక్క దాఖలుచేయని వ్యవసాయదారు లనేకులు దీనిని తిరిగి రాబట్టుకొనకయే వదలుచున్నారు.

హ్యాండ్లింగు, లాజిస్టిక్సు, డిపో అను పేరులతో వచ్చు పద్దులు వేరు జాతివి. ఇవి పన్నుల వరుసలో కూర్చుండి పన్నులవలె కనబడును. కారును కార్ఖానానుండి దుకాణముదాక తెచ్చిన ఖర్చు కంపెనీ ధరలోనే యున్నది. దానిని కడిగి, తుడిచి, కొన్నవాని కప్పగించుట అమ్మువాని ధర్మము. 2019లో మోటారు వాహనముల చట్టమును సవరించిన పిమ్మట క్రొత్త వాహనపు రిజిస్ట్రేషనుకై దరఖాస్తు చేయుటయు డీలరు బాధ్యతయే యైనది. బాధ్యత నెరవేర్చుటకు వేరుగా కూలి యడుగుటకు మాకు న్యాయము కనబడుటలేదు. ఈ పద్దును కొట్టివేయుమని గట్టిగా చెప్పినచోట పెక్కుమార్లు కొట్టివేయుచునే యున్నారు. చెప్పనివారివద్ద మాత్రము వసూలు చేయుచున్నారు. అడిగినవానికి లేని రుసుము అడుగనివానికి మాత్ర మేల యుండవలెను?

బీమాను గూర్చి కొంత విపులముగా వ్రాయవలసియున్నది. ఇక్కడనే ఎక్కువ సొమ్ము జారుచున్నది. సుప్రీంకోర్టు ఆజ్ఞ ననుసరించి 2018 సెప్టెంబరునుండి క్రొత్త కారునకు మూడేండ్ల థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి. దాని రుసుము ప్రభుత్వము నిర్ణయించినది. 2022 జూన్‌లో ప్రకటించిన పట్టిక ప్రకారము మూడేండ్లకు 1000 సి.సి. లోపు కార్లకు 6,521 రూపాయలు, 1000 నుండి 1500 సి.సి. వరకు 10,640 రూపాయలు, అంతకు పైబడినవానికి 24,596 రూపాయలు, వీనిపై పన్ను అదనము. ఈ భాగ మెచ్చట కొన్నను ఒకటే. సొంత కారునకు కలుగు నష్టపు బీమా సంగతి అట్లు కాదు. 2007 నుండి దాని ధర కంపెనీల స్పర్థకు వదలబడినది. ఒకే కారునకు, ఒకే విలువకు రెండు కంపెనీలు చెప్పు ధరలలో వేలకొలది తేడా యుండును. షోరూములో చూపించునది వానిలో పెద్దది యగుట సాధారణము. డీలరు తనవద్దనే బీమా తీసికొనవలెనని నిర్బంధింప జాలడు. బీమా నియంత్రణ సంస్థ 2017లోనే డీలర్లకు నియమములు చేసినది. "మావద్ద బీమా తీసికొననిచో రాయితీ లేదు" అని చెప్పినచో, ఆ రాయితీ బీమాలోనుండియే వచ్చుచున్నదని గ్రహింపవచ్చును. రెండు అంకెలను కలిపి చూచి, ఏది లాభమో దానిని తీసికొనుటయే తెలివి.

ఇంకొక సంగతి. పాత కారుపై ఏండ్లతరబడి నష్టపరిహార మడుగనివానికి వచ్చు నో క్లెయిము బోనసు కారుది కాదు, యజమానిది. అయిదేండ్లకు అది నూటికి ఏబదివరకు చేరును. పాత కారును అమ్మునపుడు బీమా కంపెనీనుండి లేఖ తీసికొన్నచో క్రొత్త కారు సొంత నష్టపు బీమాలో నంత తగ్గింపు పొందవచ్చును. ఇది చెప్పు విక్రేతలు అరుదు. అడుగు కొనుగోలుదారులు అంతకన్న అరుదు.

అప్పు విషయములో వేయు ప్రశ్న యొక్కటే: "నెలకెంత కట్టగలరండీ?" ఈ ప్రశ్నకు జవాబు చెప్పినవాడు సగము బేరము పోగొట్టుకొన్నవాడే. ఎనిమిది లక్షల అప్పును నూటికి తొమ్మిది చొప్పున, తగ్గు నిల్వపై వడ్డీతో, అయిదేండ్లలో తీర్చినచో నెలకు సుమారు 16,607 రూపాయలు. ఏడేండ్లకు సాగదీసినచో నెలకు 12,871 రూపాయలే. ఇది చవుకగా కనబడును. మొత్తము వడ్డీ మాత్రము 1,96,000 నుండి 2,81,000 రూపాయలకు పెరుగును. ఫ్లాటు వడ్డీ యను మాట అంతకన్న మోసకరమైనది. ఎనిమిది లక్షలకు ఏడు వంతుల ఫ్లాటు వడ్డీ యనగా అయిదేండ్లకు 2,80,000 వడ్డీ, నెలకు 18,000 వాయిదా. నెలనెల అసలు తగ్గుచున్నను మొదటి అసలుపైననే వడ్డీ కట్టుచున్నాడు గనుక నిజమైన వడ్డీ పన్నెండున్నరకు చేరును. పల్లెలో నూటికి రూపాయి వడ్డీ లెక్క నోటితో చెప్పగల పెద్దలు ఇచ్చట ఏడను అంకెను చూచి మోసపోవుచున్నారు. 2024 అక్టోబరునుండి రిజర్వు బ్యాంకు నియమము ప్రకారము అప్పిచ్చువారు అన్ని ఖర్చులు చేర్చిన వార్షిక రేటును తెలుపు ముఖ్యాంశముల పత్రమును ముందుగా నీయవలెను. దానిని చూడక సంతకము చేయరాదు. సొంత బ్యాంకులో రేటు కనుగొని, ఆ కాగితము చేతపట్టుకొని షోరూమునకు పోయినవారికి మర్యాదయే వేరుగా ఉండును.

పాత కారు మార్పిడిని గూర్చి రెండు మాటలు. క్రొత్తదానిపై రాయితీని, పాతదానికి వెలను ఒకే బేరములో కలుపనీయరాదు. ఒకచేత నిచ్చినది రెండవచేత తీసికొనుట అప్పుడు సులభమగును. క్రొత్తదాని ధర తేలి, వ్రాతలో వచ్చినపిమ్మటనే పాతదానిని చూపవలెను. పాత కారు పత్రములు కొన్నవాని పేరిట మారువరకు ప్రమాదముల బాధ్యత రిజిస్టరైన యజమానిదే యని సుప్రీంకోర్టు 2018లో తీర్పు చెప్పినది. కావున వెలతోపాటు బదిలీ కాగితమును అడుగవలెను.

"మా చేతిలో ఏమియు లేదండీ, కంపెనీ నిర్ణయమండీ" అను మాట ప్రతి షోరూములోను వినబడును. ఇది పూర్తిగా అబద్ధము కాదు. మారుతీ సుజుకీ తన డీలర్లు నిర్ణీత రాయితీకన్న నెక్కువ ఈయకుండ కట్టడిచేసెనని కాంపిటీషన్ కమిషను 2021 ఆగస్టులో 200 కోట్ల రూపాయల జరిమానా విధించెను. ఆ యుత్తర్వులో వర్ణింపబడిన పద్ధతి విచిత్రముగానుండును. కొనుగోలుదారుల వేషమున మనుష్యులను షోరూములకు పంపి, ఎవరు అదనపు రాయితీ యిచ్చుచున్నారో కనిపెట్టి, దొరికిన డీలరుపైనను, అమ్మకపు ఉద్యోగిపైనను గూడ జరిమానా వేయుట. కంపెనీ ఆ యుత్తర్వుపై అప్పీలు చేసికొన్నది. అంతకు ముందు 2017లో హ్యుండాయిపై విధించిన 87 కోట్ల జరిమానాను అప్పీలు ట్రిబ్యునలు 2018లో కొట్టివేసినది. న్యాయస్థానముల తుది నిర్ణయ మెట్లున్నను, మనకు వలసిన సంగతి ఇందులో నొకటి కలదు. రాయితీ యీయదలచిన డీలర్లు ఉండుటచేతనే గదా వారిని పట్టుకొనుటకు వేషధారులు కావలసివచ్చిరి! కావున ఒకే కంపెనీకి చెందిన రెండు మూడు షోరూములను అడిగి, పద్దులవారీగా వ్రాతమూలమైన కొటేషన్లు తెచ్చుకొనుట వ్యర్థము కాదు. విజయవాడవాడు గుంటూరులో అడుగవచ్చును. వరంగల్లువాడు హైదరాబాదులో అడుగవచ్చును. డబ్బు రూపమున తగ్గించుటకు వీలులేదన్నచో ఉచిత సామగ్రి యిత్తుమందురు. సీటు తొడుగులకు, చాపలకు, మెరుగుపూతలకు వారు కట్టు వెల బజారు వెల కాదని జ్ఞాపకముంచుకొనవలెను.

బేరమునకు బలము కాలమునుబట్టి వచ్చును. కాలమును మనవారు తామే ఎదుటివాని చేతిలో పెట్టుచున్నారు. ధర కుదురకముందే సిద్ధాంతిగారివద్ద ముహూర్తము పెట్టించుకొని, "వచ్చు శుక్రవారము ఉదయము తొమ్మిదింటికి బండి కావలె" నని షోరూములో చెప్పువారిని చూచినచో ఏ వర్తకుడు తగ్గించును? ఆషాఢములోను, పుష్యములోను కొనువారు తక్కువ. అమ్మువానికి మాత్రము నెల నెలకు లక్ష్యము తప్పదు. ఆషాఢమున ధర తేల్చుకొని వ్రాయించుకొని, శ్రావణమున బండి తెచ్చుకొన్నచో శాస్త్రమునకును భంగము లేదు, జేబునకును భంగము లేదు. నెలాఖరు, సంవత్సరాంతము ఇట్టివే. డిసెంబరు గడచినచో దుకాణములోని కారు నిరుటి కారగును. తిరిగి అమ్మునపుడు కొనువాడు తయారైన సంవత్సరమునే చూచును. తయారైన నెల ఫారము 22లో నుండును. పూర్తి సొమ్ము చెల్లింపకముందే దానిని చూచుట మంచిది. 2024 సెప్టెంబరు మాసమునకు డీలర్ల సంఘమే ప్రకటించిన లెక్క ప్రకారము దేశములోని డీలర్లవద్ద 80 నుండి 85 దినముల అమ్మకమునకు సరిపడు కార్లు, 7 లక్షల 90 వేలు, సుమారు 79,000 కోట్ల రూపాయల విలువగలవి నిలిచిపోయి యుండెను. 21 దినముల సరకుండిన చాలునని ఆ సంఘమే చెప్పుచుండును. అట్టి సమయమున అడిగినవారికి దొరికిన రాయితీ అడుగనివారికి దొరకలేదు. ఇట్లు కూడబెట్టిన పదివేలను తీసికొనిపోయి ఇష్టమైన సంఖ్యకై వేలముపాట పాడువారు కూడ కలరు. ఖైరతాబాదు రవాణా కార్యాలయములో 9999కై లక్షలు పోయుచున్నారు. అది వారి వినోదము. దానికి మేము సలహా చెప్పజాలము.

అమ్మువాని పక్షమునకూడ చెప్పవలసినది కలదు. కంపెనీ యిచ్చు లాభపువాటా నూటికి కొద్ది వంతులే. దానిలో అద్దె, జీతములు, నిలిచియున్న సరకుపై బ్యాంకు వడ్డీ అన్నియు గడువవలెను. ఎదుట కూర్చున్న యువకుడు చాలీచాలని జీతముపై లక్ష్యముల క్రింద నలుగుచున్నవాడు. అతనిని కసరి, కించపరచి సాధించు తగ్గింపు మాకు సమ్మతము కాదు. డీలరు బ్రతుకవలెను. రేపు కారు మరమ్మతునకు వచ్చునది ఆ గుమ్మమునకే. కాని ఆ బ్రతుకు కనబడు ధరలో నుండవలెను. ధరలో పోగొట్టుకొన్నదానిని బీమాలోను, అప్పులోను, పేరులేని చార్జీలలోను రాబట్టుకొనుట వలన నష్టపడువాడు చదువు తక్కువైన కొనుగోలుదారుడు. పొరుగూరి వకీలుగారు కొన్న కారునే, అదే దినమున, అదే షోరూములో, ముప్పదివేలు ఎక్కువ యిచ్చి ఒక చిన్న రైతు కొనుచున్నాడనుట అతిశయోక్తి కాదు. న్యాయమైన ధర యనగా ఈ యిద్దరికి ఒకటే యగు ధర యని మా యభిప్రాయము.

ఇది యొక్కొక్కరి నేర్పునకు విడిచిపెట్టు పని కాదు. అమెరికాలో స్థిరపడిన మన యువకులు చెప్పుదురు: అక్కడ క్రొత్త కారు అద్దమునకు కంపెనీ నిర్ణయించిన ధరను, అదనపు అమరికల వెలలను, రవాణా ఖర్చును విడివిడిగా చూపు పత్ర మంటించియుండును. 1958 నాటి చట్ట మొకటి దానిని విధించినది. అక్కడను బేరము లేకపోలేదు, మోసము లేకపోలేదు. అయినను బేరము ఎక్కడనుండి ప్రారంభమగునో ఇరువురికి తెలియును. పెనుకొండ సమీపమున 2019 నుండి కార్లు తయారగుచున్నవి. వానిని కొను అనంతపురపు రైతునకు తన భాషలో ధరల పట్టీ యీయలేమా? కొటేషనులో ప్రభుత్వపు సొమ్మును, కంపెనీ సొమ్మును, డీలరు సొమ్మును వేరువేరుగా, తెలుగులో, రశీదు లున్నవి లేనివి గుర్తించి చూపవలెనని రెండు రాష్ట్రముల రవాణాశాఖలు ఒక ఉత్తర్వు చేయవచ్చును. షోరూము గోడపై పెద్ద అక్షరములతో, బీమాను ఎక్కడనైనను కొనవచ్చునని వ్రాయింపవచ్చును. దీనికి ఖజానానుండి పైస ఖర్చు లేదు.

అంతవరకు కొనువారు చేయవలసిన పని కలదు. బుకింగు సొమ్ము కట్టకముందు పద్దులవారీ కాగితము తీసికొనవలెను. బుకింగు రద్దుచేసికొన్నచో సొమ్ము తిరిగి యిచ్చు షరతును వ్రాయించుకొనవలెను. ప్రతి పద్దుకు రశీదడుగవలెను. ఇచ్చుటకు నిరాకరించినచో 1915 సంఖ్యకు ఫోనుచేసి జాతీయ వినియోగదారుల సహాయకేంద్రమునకు తెలుపవచ్చును. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము ప్రకారము బిల్లు ఈయకుండుటయే అనుచిత వ్యాపారపద్ధతి. చెల్లించిన వెల 50 లక్షలకు మించనంతవరకు జిల్లా కమిషనులోనే ఫిర్యాదు చేయవచ్చును. వచ్చు ఆషాఢమున షోరూమునకు పోవువారు కొడుకునో, అల్లునినో వెంటబెట్టుకొని పోవుదురు గదా. లెక్కలు వ్రాయుటకు ఒక కలమును, తెల్లకాగితమును గూడ తీసికొనిపోవుదురుగాక.